కళ్ళెం పట్టిన చెయ్యి

పదహారేళ్ళ కూతురు పోయిన నాలుగు రోజులకి ఒక తండ్రి ఆమె గురించి తన పేపర్లో రాయడానికి కూర్చున్నాడు. ముందుగా చేసిన పని ఒక తప్పు దిద్దడం. ఆ పిల్ల గుర్రం మీంచి పడి చనిపోయిందని అసోసియేటెడ్ ప్రెస్ వార్త పంపింది. తండ్రి రాసిన నివాళి ఆ వార్తని చెప్పి, వెంటనే కాదంటుంది. ఈ మాట వింటే పిల్ల ఎంత ఎగతాళి చేసేదో అంటుంది. గుర్రాలు ఆమె మీద పడ్డాయేమో గానీ, ఆమె మాత్రం గుర్రం మీంచి ఎన్నడూ పడలేదు.

అది 1921 మే 17. ఊరు ఎంపోరియా, అమెరికాలో కాన్సస్ రాష్ట్రం. తండ్రి పేరు విలియం అలెన్ వైట్, పేపరు ఎంపోరియా గెజిట్. (మన సర్కారీ గెజిట్‌తో దీనికి సంబంధం లేదు. అప్పట్లో రోజూ సాయంత్రం ఇళ్ళకి చేరిన ఊరి దినపత్రిక.) పిల్ల పేరు మేరీ.

జిల్లా ఎడిషన్ డెస్కులో కూర్చున్న రోజుల్లో నేను రాసిన సంతాప వార్తలకి లెక్కలేదు. ‘మృదుస్వభావి’, ‘తీరని లోటు’, ‘పలువురు ప్రముఖులు నివాళులర్పించారు’. ఈ మూడు ముక్కలూ సిద్ధంగా ఉంటే పేరు మార్చి పేజీకి ఎక్కించెయ్యొచ్చు. నేనూ అదే చేశాను. అందుకే వైట్ నివాళి మొదటిసారి చదివిన రోజున ఆయన దుఃఖం కన్నా ముందు ఆయన పనితనం దగ్గర ఆగిపోయాను. కూతురి చావు గురించి రాస్తూ ఏజెన్సీ కాపీని దిద్దిన మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలనిపించింది.

వైట్ 1868లో ఎంపోరియాలోనే పుట్టాడు. పెరిగింది అదే రాష్ట్రంలో ఎల్ డొరాడోలో. తండ్రి డాక్టరు, డెమోక్రాట్. తల్లి పంతులమ్మ, పట్టుదల గల రిపబ్లికన్. ఇంట్లోనే రెండు పార్టీలున్న పిల్లాడికి వాదన కొత్తేమీ కాదు. కుర్రతనంలోనే ఎల్ డొరాడో పేపరాఫీసులో అక్షరాలు పేర్చడం నేర్చుకున్నాడు. యూనివర్సిటీలో చేరాడు గానీ డిగ్రీ తీసుకోకుండానే బయటికొచ్చాడు. కాన్సస్ సిటీ స్టార్‌లో సంపాదకీయాలు రాస్తూ మంచి పేరు తెచ్చుకుంటున్న సమయంలో, 1895లో, ఎంపోరియా గెజిట్ అమ్మకానికొచ్చింది. 3,000 డాలర్లు, అదంతా అప్పే. చందాదారులు 500 మంది లోపే.

ఊళ్ళో రైలు దిగేనాటికి జేబులో డాలరుంబావు ఉందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. స్టేషను దగ్గర జనం చూస్తున్నారు. సామాను మోసుకుంటూ నడిచి వెళితే పొదుపరి అనుకుంటారు, గుర్రబ్బండి ఎక్కితే కలిగినవాడు అనుకుంటారు. ఆయన పావు డాలరు పెట్టి బండెక్కాడు. అప్పులో మునిగినవాడు అప్పు పుట్టేలా కనపడాలని ఇరవై ఏడేళ్ళకే తెలిసిందన్నమాట! ఆ వారమే రాసిన తొలి సంపాదకీయంలో తన సంగతులే చెప్పుకున్నాడు. ఈ ఊళ్ళోనే ఉంటాననీ, ఇక్కడే ముసలి ఎడిటర్‌ని అవుతాననీ, పదవులేవీ అడగననీ రాశాడు. కొత్త ఎడిటర్లు అందరూ ఇలాంటివి రాస్తారు. ఈయన నిలబెట్టుకున్నాడు. పెద్ద నగరాల పత్రికలు పిలిచినా వెళ్ళలేదు. 1944 జనవరి 29న కన్నుమూసేదాకా, దాదాపు నలభై తొమ్మిదేళ్ళు, గెజిట్ ఎడిటరుగానే ఉన్నాడు. పదవి అడగనన్న మాట మాత్రం ఒక్కసారి తప్పాడు. ఎందుకు తప్పాడో చెబుతాను.

మనకి బందరు కృష్ణాపత్రిక, నెల్లూరు జమీన్ రైతు ఉన్నాయి గనక, చిన్న ఊళ్ళో కూర్చుని దేశంతో మాట్లాడ్డం అంటే ఏమిటో తెలుగు పాఠకుడికి విడమరిచి చెప్పక్కర్లేదు. చిన్న ఊరి ఎడిటర్‌కి ఉన్న కష్టం కూడా మనకి తెలిసిందే. ఇవాళ రాసినదానికి రేపు పొద్దున పోస్టాఫీసు దగ్గర జవాబు చెప్పుకోవాలి. వైట్ పనితనమంతా నాకు ఆ పోస్టాఫీసు దగ్గరే కనపడుతుంది. ఆయన మొదటి గెలుపు, మొదటి పెద్ద తప్పు కూడా అక్కడే మొదలయ్యాయి.

1896 ఆగస్టు. ఎండ మండిపోతోంది. కాన్సస్ రైతు కరువుతో, పడిపోయిన ధరలతో, తాకట్టు అప్పులతో నడుం విరిగి ఉన్నాడు. వాళ్ళ కోపమంతా పాపులిస్టు పార్టీ అయింది. వైట్ వాళ్ళని తన పేపర్లో రోజూ చెండాడేవాడు. టపా తీసుకుని వస్తున్న కుర్ర ఎడిటర్‌ని ఓ పదిహేను ఇరవై మంది నడివీధిలో చుట్టుముట్టి దులిపేశారు. ఆఫీసుకొచ్చి ఆ కోపంతోనే ఒక సంపాదకీయం రాసి పడేసి, కొలరాడోలో ఉన్న భార్య దగ్గరికి రైలెక్కాడు. ‘కాన్సస్‌కి ఏమైంది?’ అని దాని పేరు. ఆగస్టు 15న అచ్చయింది. చికాగో, న్యూయార్క్ పేపర్లు ఎత్తి వేశాయి. రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మెకిన్లీ ఎన్నికల ప్రచారం నడిపిన మార్క్ హానా దాన్ని లెక్కలేనన్ని కాపీలు వేయించి దేశమంతా పంచాడు. తిరిగొచ్చేసరికి వైట్ దేశానికంతా తెలిసిన మనిషి.

దాని కట్టుబడి చూడండి. ప్రభుత్వ శాఖ విడుదల చేసిన జనాభా లెక్కతో నింపాదిగా మొదలవుతుంది. పక్క రాష్ట్రాలు పెరుగుతుంటే కాన్సస్ ఎందుకు పెరగడం లేదని అడుగుతుంది. అదే ప్రశ్న మళ్ళీ, మళ్ళీ. ఒక్కోసారీ గొంతు ఒక్కో మెట్టు లేస్తుంది. చివరికి వచ్చేసరికి ఎదుటివాణ్ణి ఎకసెక్కాలతో ఉతికి ఆరేస్తుంది. కోపంలో రాసింది అయినా ఎక్కడా తడబడదు. అక్షరాలు పేర్చి నేర్చుకున్న చెయ్యి గనక ఒక్క మాటా అనవసరంగా పడలేదు.

రాతగా గొప్పది, న్యాయంగా చూస్తే తప్పు. ఆ రైతుల గోడు నిజం. రైల్వేల మీద అదుపు, ఆదాయపు పన్ను, సెనేటర్లని జనమే ఎన్నుకోవడం, ఇలాంటి వాళ్ళ డిమాండ్లలో చాలావాటిని తర్వాత వైటే నెత్తికెత్తుకున్నాడు. తర్వాత అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ స్నేహంతో మారిన మనిషి 1912లో సొంత పార్టీని వదిలి ఆయన వెంట నడిచాడు. తనకి పేరు తెచ్చిన రాతనే తప్పుపట్టుకున్నాడు. పేరు తెచ్చిన రాతని ఒప్పుకోకపోవడానికి చాలా గుండె కావాలి.

ఇంక మేరీ దగ్గరికి వస్తాను.

ఆ నివాళిలో ‘నేను’ లేదు. ‘నా కూతురు’ అన్న మాటా లేదు. తండ్రి ప్రస్తావన వచ్చినప్పుడు ‘ఆమె తండ్రి’ అనే వస్తుంది. ఊళ్ళో ఇంకెవరి పిల్ల పోయినా గెజిట్ రిపోర్టరు ఎలా రాస్తాడో అలాగే రాశాడు. ఇందులో ఒక మర్యాద ఉంది. పేపరు నీది కదా అని నీ ఏడుపుకి ఎక్కువ జాగా తీసుకోకూడదు. పాఠకుడు కూడా అందుకే తలుపు తీసి లోపలికొస్తాడు.

పొగడ్త మాటలు వెతికి చూశాను, చాలా తక్కువ. వస్తువులు మాత్రం బోలెడు. వీపు మీద పొడుగాటి జడ, దానికి ఎర్ర రిబ్బను, ఖాకీ బట్టలు, కౌబాయ్ టోపీ. పిల్ల ఎక్కడికి కారు తీసినా వీధి చివరికి చేరేలోపు దారిలో కనపడ్డ వాళ్ళందరినీ ఎక్కించుకునేది. స్కూలు వార్షిక సంచికకి బొమ్మలు గీసేది. కౌంటీ ఆశ్రమంలో ఉండేవాళ్ళని కారులో షికారు తీసుకెళ్ళాలని తాపత్రయపడింది. హైస్కూల్లో నల్ల పిల్లలకి విశ్రాంతి గది లేదని పోట్లాట మొదలుపెట్టింది. ఇది 1921 నాటి కాన్సస్. ఆ సంగతిని పెద్ద ఆదర్శంగా రాయలేదు. పిల్ల పనుల్లో ఒక పనిగా, రెండే వాక్యాల్లో చెప్పి వెళ్ళిపోయాడు. ఆ వరుసలో అలా పడ్డందుకే అది మనసులో ఉండిపోతుంది.

ఇవన్నీ ఊరికి తెలిసినవే, కిటుకంతా ఇక్కడే ఉంది. చదివేవాళ్ళు ఆ కారెక్కినవాళ్ళే, ఆ ఎర్ర రిబ్బను రోజూ చూసినవాళ్ళే. పాఠకుడే సాక్షి అయినప్పుడు రాసేవాడు ఒక్క విశేషణం కూడా పెంచలేడు. పెంచితే పోస్టాఫీసు దగ్గర దొరికిపోతాడు. పెద్ద నగరపు పత్రికలో ఎడిటర్‌కి ఈ కట్టడి ఉండదు. ఆ కట్టడే ఇక్కడ కళ అయింది.

ఇప్పుడు ప్రమాదం జరిగిన పేరా. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. స్కూలు సంచిక పని ముగించుకుని వచ్చిన పిల్ల అమ్మతో కబుర్లు చెబుతూ ఖాకీలు వేసుకుని గుర్రం తీసింది. అంతకు ముందు ఏడాది గాలిలా దౌడు తీయించేది, ఆ అలవాటు మానుకుంది. ఊళ్ళోంచి నింపాదిగా వెళుతూ దారిలో కనపడ్డవాళ్ళందరికీ చెయ్యి ఊపింది. మర్చంట్ వీధిలోకి తిరిగింది. ఎదురుగా గెజిట్ పేపర్లు వేసే కుర్రాడు వచ్చాడు, స్కూల్లో స్నేహితుడే. వాడికీ చెయ్యి ఊపింది. ఊపింది కళ్ళెం పట్టిన చేత్తో.

అంతే, గుర్రం పక్కకి తిరిగింది. అటువైపు చెట్టు, కిందికి వాలిన కొమ్మ. ఆమె ఇంకా వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూనే ఉంది, దెబ్బ తగిలింది. అప్పుడు కూడా పడలేదు, జారి దిగింది, తూలింది, స్పృహ తప్పింది.

అసోసియేటెడ్ ప్రెస్ వార్తకి సవరణ ఇక్కడ పూర్తయింది. మొదటి వాక్యంలో తండ్రి గొడవ పెట్టుకున్నది ఊరికే పరువు కోసం కాదు. పిల్ల గుర్రపు స్వారీ రాక చావలేదు. జోరుగా తోలి చావలేదు. ఎదురొచ్చినవాణ్ణి పలకరించబోయి చనిపోయింది. అంతకుముందు పేరాల్లో మనం చూసిన పిల్ల, ఊరందరికీ చెయ్యి ఊపే పిల్ల, ఆ గుణం వల్లే పోయింది. ఈ మాట వైట్ ఎక్కడా అనలేదు. కళ్ళెం ఏ చేతిలో ఉందో చెప్పి ఊరుకున్నాడు.

ఇంకో సంగతి ఉంది, దాన్నీ ఆయన ముట్టుకోలేదు. ఆ కుర్రాడి సంచిలో ఉన్నవి ఆయన పేపర్లే. సాయంత్రపు గెజిట్ ఇంటింటికీ పంచే కుర్రాడు. ఇంకెవరైనా అయితే దాని మీద ఒక పేరా రాసేవాళ్ళు, విధి అనేవాళ్ళు. నేనైతే తప్పకుండా రాసి పాడుచేసేవాణ్ణి. వైట్ ఆ కుర్రాడి పేరు కూడా రాయలేదు. ఆ పిల్లాడు రేపూ ఆ వీధిలోనే పేపర్లు వెయ్యాలి కదా! పేరు రాయకపోవడంలోనూ నాకు పనితనమే కనపడుతుంది.

అంత్యక్రియల గురించి కొద్దిగానే రాశాడు. పాటలు లేవు. పెద్దగా పూలు లేవు, అన్న హార్వర్డ్ క్లాసువాళ్ళూ గెజిట్ సిబ్బందీ పంపిన ఎర్ర గులాబీలు తప్ప. ఒక వివరం మాత్రం వదల్లేదు. రోజూ సిక్స్త్, కమర్షియల్ వీధుల కూడలిలో నిలబడే ట్రాఫిక్ పోలీసు మేరీకి దోస్తు. ఆ రోజు వీడ్కోలు చెప్పడానికి వచ్చినవాళ్ళకి దారి చూపించడానికి అతన్ని చర్చి పక్క మూలకి మార్చారు. అది తెలిస్తే పిల్ల నవ్వేదని రాశాడు. ఇంత చావు కబురులో నవ్వు మొదట్లోనూ వస్తుంది, చివర్లోనూ వస్తుంది. రెండూ పిల్లవే. ఆఖరి రెండు వాక్యాల్లో మాత్రం మబ్బుల సందులోంచి పడిన ఎండతో మొదలుపెట్టి కాస్త కవిత్వంలోకి వెళ్ళాడు. అప్పటిదాకా అలంకారాలు పొదుపుగా ఖర్చుపెట్టినవాడు గనక అది చెల్లింది.

అమెరికా పేపర్లు దాన్ని మళ్ళీ మళ్ళీ వేసుకున్నాయి. తరవాత స్కూలు పుస్తకాల్లోకీ ఎక్కింది. మేరీ పేరు మీద కుటుంబం ఊరికి పార్కు కోసం స్థలం ఇచ్చింది. పార్కుకి పీటర్ పాన్ అని పేరు పెట్టారు, ఎప్పటికీ పెద్దవాడు కాని పిల్లాడి పేరు. తండ్రి నివాళిలో ఆమెని పోల్చింది ఆ పిల్లాడితోనే.

ఆయనకి పులిట్జర్ బహుమతి తెచ్చింది మాత్రం ఇది కాదు. మరుసటి ఏడాది, 1922లో, రైల్వే వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళు దేశమంతటా సమ్మె చేశారు. సమ్మెకి మద్దతుగా దుకాణాల కిటికీల్లో పోస్టర్లు పెట్టకూడదని కాన్సస్ గవర్నరు హెన్రీ అలెన్ ఆదేశించాడు. అలెన్ వైట్‌కి ప్రాణస్నేహితుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇద్దరూ కలిసి రెడ్‌క్రాస్ పని మీద యూరప్ తిరిగొచ్చారు. దాని మీద వైట్ ఒక పుస్తకం కూడా రాశాడు. అయినా వైట్ గెజిట్ కిటికీలో పోస్టరు పెట్టాడు. ఊరి పోస్టర్లలో నూటికి నూరు శాతం మద్దతు అని ఉంటే, ఆయన సుమారు సగంతో మొదలుపెట్టి, గొడవల్లేకుండా గడిచిన ప్రతి రోజుకీ ఒక్కో శాతం కలుపుతానన్నాడు. సమ్మె పూర్తిగా రైటని ఆయన అనుకోలేదు. పోస్టరు పెట్టుకునే హక్కు మాత్రం పూర్తిగా రైటే. శాతాల్లో లెక్కగట్టి చూపించడంలో చిన్న ఊరి కొట్టువాడి తూకం ఉంది. స్నేహితుడి ప్రభుత్వం వైట్‌ని అరెస్టు చేయించింది. కేసు నిలబడలేదు.

ఆ రోజుల్లోనే, జులై 27న, ‘కంగారుపడుతున్న స్నేహితుడికి’ అని ఒక జవాబు రాశాడు. శాంతిభద్రతల కోసం మాట్లాడే స్వేచ్ఛని కొంచెం తగ్గిస్తే తప్పేమిటని ఒకాయన అడిగాడట. కష్టకాలంలోనే, నచ్చని మాటకే, ఆ స్వేచ్ఛ అవసరమని ఈయన జవాబు. చిన్న రాత. 1923లో సంపాదకీయానికి పులిట్జర్ ఇచ్చారు. బాగుంది, సూటిగా ఉంది, కోర్టుల్లో వినిపించదగ్గదిగా ఉంది. నన్నడిగితే మేరీ ముందు దిగదుడుపే. ఇందులో ఎంపోరియా లేదు, ఏ ఊరి ఎడిటరైనా రాయగలడు.

పదవి అడగనన్న మాట తప్పింది 1924లో. ముసుగులేసుకుని నల్లవాళ్ళనీ, యూదుల్నీ, కేథలిక్కుల్నీ బెదిరించే కూ క్లక్స్ క్లాన్ కాన్సస్‌లో బలిసింది. పెద్ద పార్టీల అభ్యర్థులు దాని మాట ఎత్తడానికే జంకారు. వైట్ గవర్నరు పదవికి స్వతంత్రుడిగా నిలబడ్డాడు. గెలవాలనేమీ లేదు. క్లాన్‌ని రాష్ట్రమంతా వేదికలెక్కి నవ్వులపాలు చెయ్యాలనే ఆయన పట్టు. కారేసుకుని ఊరూరా తిరిగి ఆ దుప్పటి వేషాల్ని వెక్కిరించాడు. సుమారు లక్షన్నర ఓట్లు తెచ్చుకుని మూడోవాడిగా మిగిలాడు. మరుసటి ఏడాది కాన్సస్ సుప్రీంకోర్టు క్లాన్‌కి రాష్ట్రంలో పని చేసే అనుమతి లేదని తేల్చింది.

ఆయనలో వంకరలు లేవని కాదు. పార్టీ సంగతికొస్తే మరీ. ఏడాదంతా రిపబ్లికన్లని తిట్టి, ఎన్నికలొస్తే చాలాసార్లు వాళ్ళకే ఓటేసేవాడు. 1936 అక్టోబరులో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ప్రచార రైలు ఎంపోరియాలో ఆగింది. ప్రత్యర్థి కాన్సస్ గవర్నరే, వైట్ ఆయన పక్షం. అధ్యక్షుడు జనంలో వైట్ ఎక్కడని వెతికి, నాలుగేళ్ళలో మూడున్నరేళ్ళు నాకు మద్దతిస్తాడని నవ్వుతూ అన్నాడు. మిగిలిన ఆరు నెలలే ఎన్నికలు!

ఆయన కోపపు నివాళి కూడా ఒకటుంది. పత్రికలు కొని, కలిపేసి, మూసేసి కోట్లు గడించిన ఫ్రాంక్ మన్సీ 1925 డిసెంబరులో పోయాడు. వైట్ కొద్ది వాక్యాలతో సరిపెట్టాడు. మూడు వృత్తుల వాళ్ళతో పోల్చి, గొప్ప వృత్తిని వడ్డీ పత్రంగా మార్చిన ఘనుడని తేల్చి, శాంతిలో కాక ‘ట్రస్టు’లో విశ్రమించమని వెక్కిరించి ముగించాడు. పోయినవాణ్ణి అంత మాటనకూడదని మన పద్ధతి. కానీ మేరీకి అంత కొలిచి రాసినవాడే ఇదీ కొలిచి రాశాడు.

ఆత్మకథ 1923 దాకా వచ్చి ఆగిపోయింది. కొడుకు విలియం లిండ్సే వైట్ దాన్ని సరిచేసి 1946లో అచ్చువేయించాడు. తర్వాత ఏడాది దానికీ పులిట్జర్ వచ్చింది. ఆ కొడుకే 1973లో పోయేదాకా గెజిట్ నడిపాడు.

‘మేరీ వైట్’ ఇంగ్లీషులో నాలుగైదు పేజీలకి మించదు. మంచి అనువాదకులు ఎవరైనా తెలుగు చేస్తే ముందుగా చదివేది నేనే. ఒక్కటే మనవి. పేపర్లేసే కుర్రాడు ఎదురొచ్చే చోట ఏమీ కలపకండి. కళ్ళెం ఏ చేతిలో ఉందో అది మాత్రం వదలకండి.